సావిత్రి వదిలిన గ్లైడర్

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. నేను నర్సుని. రాయపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను. కొత్తగా చేరిన అమ్మాయిలు ఫలానా మంచం దగ్గర ఎవరో మూలిగారనీ, లిఫ్టు దానంతటదే ఆగిందనీ గుసగుసలు పోతుంటే, వెళ్ళి సెలైన్ బాటిళ్ళు చూసుకోండమ్మా అని కసిరేదాన్ని. ప్రాణం పోవడం ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. పోయినవాళ్ళు తిరిగొచ్చి పలకరించడం ఒక్కసారీ చూడలేదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారని నమ్ముతాను. వాళ్ళకు ఇక్కడ ఇంక పనేమీ ఉండదని కూడా నమ్ముతాను.

ఇప్పుడైనా దెయ్యాలున్నాయని అనను. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు. ఒక బొమ్మ విమానం ఉంది. దాన్ని నా చేతులతో పట్టుకుని చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

సావిత్రి మా ఎదురింటావిడ. రైల్వే కాలనీలో మా క్వార్టర్ గుమ్మంలో నిలబడితే వాళ్ళ వంటింటి కిటికీ కనిపించేది. వాళ్ళది పలాస దగ్గర, మాది తణుకు వైపు. మా ఆయనది రైలు నడిపే ఉద్యోగం, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. సావిత్రి భర్త అప్పారావు గారు వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన్ని నేను అన్నయ్యా అనే పిలిచేదాన్ని. వాళ్ళకు పిల్లల్లేరు. సావిత్రి ఒక హిందీ మీడియం బడిలో సైన్సు చెప్పేది. బడిలో హిందీ, బజార్లో ఛత్తీస్‌గఢీ, నాతో మాత్రం అచ్చం వాళ్ళ ఊరి తెలుగు.

ఒక ఏడాది బడిలో సైన్సు ప్రదర్శన కోసం పిల్లల చేత చిన్న గ్లైడర్ చేయించింది. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. ప్రదర్శన అయిపోయింది, పిల్లలు మరిచిపోయారు, ఈవిడ మాత్రం మానలేదు. వాళ్ళ నాన్న రైలు పెట్టెల్లో వడ్రంగం చేసేవాడట. చెక్క పట్టుకుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుందని ఒకసారి నాతో అంది. బాల్సా అనే తేలికపాటి కర్ర కోల్‌కతా నుంచి తెప్పించేది. వెదురు ఇక్కడే దొరికేది. ఆ పుల్లల్ని గాజుపెంకుతో గీకి గీకి చీపురుపుల్లంత సన్నం చేసేది.

ఒక సాయంత్రం నన్ను పిలిచింది. రెక్కల మీద గాలిపటం కాగితం అతికించాలి, తనకు చెయ్యి వణుకుతోందట.

"నువ్వు సూదులు గుచ్చేదానివి, నీ సెయ్యి వణకదు కదే. రా, కూకో."

అలా కూర్చున్నదాన్ని ఏళ్ళ తరబడి లేవలేదు. డ్యూటీ అయ్యాక టీ తాగి నేరుగా వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. వాళ్ళ భోజనాల బల్ల నిండా రెక్కలు, గుండుసూదులు, మైదా జిగురు గిన్నెలు. పాపం అన్నయ్య కంచం పట్టుకుని కింద కూర్చుని తినేవాడు. "ఇది ఇల్లా, ఏరోడ్రమ్మా?" అనేవాడు కానీ బల్ల ఖాళీ చెయ్యమని ఏనాడూ అనలేదు. అయితే మేం ఎగరేయడం చూడ్డానికి మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆదివారం ఆయనకు నిద్ర కావాలి. పైగా అది చిన్నపిల్లల ఆట అని ఆయన లెక్క.

ఎగరేయడానికి మేం కొత్త రాజధానిగా కడుతున్న నయా రాయపూర్ వెళ్ళేవాళ్ళం. నా స్కూటీ మీద నేను ముందు, వెనక సావిత్రి, ఆమె ఒళ్ళో అట్టపెట్టె. అక్కడి సంగతి చూసినవాళ్ళకు తెలుసు. నాలుగు లారీలు పక్కపక్కన పోగలిగేంత రోడ్లు, కానీ వాటి మీద మనిషి ఉండడు. దీపస్తంభాలు వరసగా కనుచూపు మేర పోతుంటాయి. రోడ్డు దిగితే ఖాళీ మైదానం, అక్కడక్కడా మిగిలిపోయిన వరిమళ్ళు. చర్చి అయ్యాక వెళ్ళి, ఎండ బాగా ఎక్కేలోపు వచ్చేసేవాళ్ళం.

గ్లైడర్‌ని గాలిపటంలాగే దారం కట్టి పరిగెత్తి పైకి లేపుతాం. బాగా పైకి వెళ్ళాక దారం దానంతటదే జారిపోతుంది. ఆ తర్వాత దాని ఇష్టం. ఎండకు నేల వేడెక్కిన చోట గాలి పైకి లేస్తుంటుంది. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయంటే అక్కడ ఆ గాలి ఉన్నట్టే. గ్లైడర్ దాంట్లో పడితే ఇంక దిగదు, మేఘాల్లోకి పోతుంది. దాన్ని దించడానికి ఒక ఉపాయం ఉంది. తోకరెక్కను కిందికి బిగించి పట్టే రబ్బరు బ్యాండులో చిన్న అగరుబత్తి ముక్క గుచ్చి వెలిగించి వదులుతాం. అది కాలుతూ వచ్చి రబ్బరును తెంపుతుంది. ఇంకో రబ్బరు లాగేసరికి తోక టక్కున పైకి లేస్తుంది. అప్పుడు విమానం ఎగరడం మానేసి, తెరిచిన గొడుగు కిందపడ్డట్టు, మెల్లగా నేలకు దిగుతుంది.

అగరుబత్తి వెలిగించడం నా పని. "మీ ఇంట్లో ఎలాగూ ఎలిగించరు, ఇక్కడైనా ఎలిగించవే" అని సావిత్రి నవ్వేది. తన పూజగదిలోని మల్లెపూల వాసన బత్తీలే తెచ్చేది.

ఆమె చేసినవాటిలో చివరిది నారింజ రంగుది. రెక్క చివర పచ్చకాగితం. ఎగరేసేముందు అట్టపెట్టెలోంచి తీస్తుంటే నా గోరు తగిలి రెక్క కింద కాగితం కాస్త చిరిగింది. నా సంచిలో ఆసుపత్రి తెల్ల టేపు ఎప్పుడూ ఉండేది. చిన్న ముక్క అతికించాను. సూది పెట్టి టేపు వేసినప్పుడు దాని మీద తేదీ, మా పేరులోని మొదటి అక్షరం రాయడం నర్సులకు అలవాటు. చెయ్యి ఊరుకోక దాని మీదా రాసేశాను. సావిత్రి పడీ పడీ నవ్వింది. "పేషెంటుకి పట్టీ కట్టేవా? ఇంక పరవాలేదా డాక్టరమ్మా?" అంది.

అది చలికాలం వెళ్ళిపోతున్న రోజులు. నేను అగరుబత్తి వెలిగించాను, ఆమె పరిగెత్తింది. గ్లైడర్ నిటారుగా లేచింది. దారం జారింది. రెండు గద్దలు తిరుగుతున్న వైపు తనంతట తనే పోయి వాటితోపాటు తిరగడం మొదలుపెట్టింది. ఎండ కాగితంలోంచి పడి రెక్కలు దీపంలా వెలిగాయి. పైకి, ఇంకా పైకి. గద్దలు కిందనే ఉండిపోయాయి. తోక ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని ఇద్దరం మెడలు నొప్పిపుట్టేలా చూశాం. లేవలేదు. అగరుబత్తి ఆరిపోయి ఉంటుందనుకున్నాం. ఒక చుక్కయింది. ఆ చుక్క ఉందో లేదో తెలియని ఒక క్షణం వచ్చింది. తర్వాత ఉత్త ఆకాశమే.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్ని రోజుల కష్టం. సావిత్రి మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా పైకే చూస్తోంది. ముఖం నిండా వెలుగు.

"పోనీలేవే సుగుణా. దానికి అక్కడ బాగున్నట్టుంది."

వానాకాలం మొదలయ్యేసరికి ఆమెకు జబ్బు చేసింది. కామెర్లనుకున్నాం, కాలేయం పూర్తిగా పాడైందని తేలింది. మా ఆసుపత్రిలోనే, నేను పనిచేసే వార్డులోనే చేర్చాం. మంచం కిటికీ పక్కన. ఎప్పుడు చూసినా మబ్బుల వైపే చూస్తుండేది. ఒక మధ్యాహ్నం దుప్పటి సరిచేస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"సుగుణా, అది ఇంకా దిగలేదే."

"ఏదే?"

"మన ఇమానం. పైనే ఉంది. కళ్ళు మూస్తే అగుపిస్తంది. ఇంకా బత్తీ కాలతానే ఉంది."

కాలేయం చెడితే మనిషికి తెలివి మసకేస్తుంది. అలాంటి మాటలు చాలామంది నోట విన్నదాన్ని. సరేలే, దిగుతుందిలే అని నుదురు నిమిరాను. తర్వాత కొద్ది రోజులకే, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆమె వెళ్ళిపోయింది. కళ్ళు నేనే మూశాను.

అప్పారావు అన్నయ్య ఏడవలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. వర్క్‌షాపుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. నేను కూర గిన్నె పట్టుకెళ్తే తలుపు తీసి తీసుకునేవాడు. ఆ ఇంట్లో బల్ల అలాగే ఉంది, దాని మీద రెక్కలు, ఎండిపోయిన జిగురు గిన్నె. ఇప్పుడు అడ్డు చెప్పేవారు లేరు కదా, పక్కకు జరిపి కుర్చీలో కూర్చుని తినొచ్చు. ఆయన ఇంకా కంచం పట్టుకుని కిందే కూర్చుంటున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. మా ఆయన కూడా చూసి, ఈయన ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు ఉండడని నాతో అన్నాడు. నర్సుగా నాకూ అలాగే అనిపించింది.

అన్నయ్య రిటైరయ్యే రోజు దగ్గరపడింది. క్వార్టర్ ఖాళీ చేసి ఊళ్ళోనే పండరీ అనే పేటలో ఒక చిన్న అద్దె ఇంటికి మారాలి. అప్పుడు వచ్చాడు మా గుమ్మంలోకి.

"ఈ బొమ్మలన్నీ నువ్వు పట్టుకుపో సిస్టర్. నాకు సూడ్డానికి అవ్వట్లేదు." కాసేపు నేలకేసి చూసి, "నేనొక్కసారీ రాలేదు కదా. మీరెళ్ళీ ఆ సోటు ఏదో ఒకపాలి సూపించు. తర్వాత పట్టుకుపోదువుగాని" అన్నాడు.

మర్నాడే ఆదివారం. చర్చి అయ్యాక ఆయన్ని స్కూటీ మీద తీసుకెళ్ళాను. అప్పటికి మళ్ళీ చలికాలం వచ్చింది. వరి కోతలు అయిపోయాయి. సన్నటి పొగమంచు ఇంకా పూర్తిగా విడవలేదు, ఎండ దాంట్లోంచి పాలలా పారుతోంది. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు. ఎప్పుడూ స్కూటీ ఆపే చోటే ఆపి మైదానంలోకి దిగాం. దూరంగా మడి గట్టు మీద ఒక ముసలావిడ గడ్డి కోసుకుంటోంది.

సావిత్రి ఎక్కడ నిలబడేదో చూపించాను. ఎటు పరిగెత్తేదో చూపించాను. అన్నయ్య ఆ చోట నిలబడి, కాలితో కోసిన వరి కొయ్యకాళ్ళను అటూ ఇటూ కదిపాడు.

"ఆకరిది ఎటు పోనాది?"

నేను పైకి వేలు చూపించాను. ఇద్దరం తలెత్తాం. గద్దలు కూడా లేవు ఆ రోజు. చాలాసేపు అలాగే నిలబడ్డాం. చెవుల్లో ఏమీ లేదు, గాలి చప్పుడు కూడా. నేను మేలుకునే ఉన్నాను, కాళ్ళ కింద కొయ్యకాళ్ళు గుచ్చుకుంటున్నాయి కూడా. అయినా ఆ కాసేపూ మధ్యాహ్నం కునుకులో ఉన్నట్టుగా, ఏదీ తొందర లేనట్టుగా ఉంది.

ముందు వాసన వచ్చింది. మల్లెపూల అగరుబత్తి వాసన. ఊరు లేదు, గుడి లేదు, చుట్టూ ఖాళీ మైదానం. నా మనసు చేసే పని అనుకుని ఊరుకున్నాను. అప్పుడు అన్నయ్య నెమ్మదిగా అన్నాడు: "అగరొత్తులు ఎలిగించేరేటి ఎవరైనా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన చెయ్యెత్తాడు. "అదేటి?"

మంచులో ఒక చుక్క. మొదట పక్షి అనుకున్నాను. పక్షి అలా దిగదు. ఊయలలా కొంచెం ఇటు, కొంచెం అటు ఊగుతూ నేరుగా కిందికి దిగుతోంది. కాస్త దగ్గరికి వచ్చాక రంగు తెలిసింది. నారింజ. తోక పైకి లేచి ఉంది. నేను కదల్లేదు. అన్నయ్య కదిలాడు. చేతులు రెండూ చాచి, పసిబిడ్డను అందుకోవడానికి వెళ్ళేవాడిలా, పైకే చూస్తూ కొయ్యకాళ్ళలో తడబడుతూ నడిచాడు. అంత వింతలోనూ నా నోటి నుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"రెక్క పట్టుకోకండి అన్నయ్యా! కిందనుంచి పట్టుకోండి!"

కిందనుంచే పట్టుకున్నాడు. అది ఆయన అరచేతుల మీద వచ్చి ఆగింది. చప్పుడు కూడా లేదు.

నేను చూసింది చూసినట్టు చెబుతాను. తోక దగ్గర అగరుబత్తి ముక్క కొస ఎర్రగా ఉంది. సన్నగా పొగ వస్తోంది. తెగిన రబ్బరు బ్యాండు కొసలు కాలి మెత్తగా జిగటగా ఉన్నాయి. తోకను పైకి లాగే రెండో రబ్బరు లాగితే సాగింది. మా ఊరి ఎండలో రబ్బరు బ్యాండు బయట పడేస్తే నెల తిరక్కుండా పెళుసై ముక్కలవుతుంది. రెక్కల కాగితం డప్పు చర్మంలా బిగువుగా ఉంది. గాలిపటం కాగితం ఒక్క రాత్రి మంచులో తడిస్తే రంగు కారిపోతుంది, మైదా జిగురు ఊడిపోతుంది. ఇది ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటి రావాలి. నారింజ నారింజలాగే ఉంది, పచ్చ పచ్చలాగే. రెక్క తిప్పి చూశాను. తెల్ల టేపు. దాని మీద నా చేతిరాతతో తేదీ, నా అక్షరం. సిరా చెదరలేదు.

ఇంకొకటి. అది చల్లగా ఉంది. ఎండలో దిగిన వస్తువు ఫ్రిజ్‌లోంచి తీసినట్టుగా చల్లగా ఉంది.

మేం చూస్తుండగానే నిప్పు ఆరింది. బూడిద అన్నయ్య అరచేతిలో రాలింది. ఆయన దులుపుకోలేదు.

గడ్డి కోసుకుంటున్న ముసలావిడ కొడవలి పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"కా గిరిస్ దీదీ?" అంది. ఏం పడిందని.

ఎక్కడినుంచి వచ్చిందో చూశావా అని అడిగాను. ఇంత సులువు సంగతి అడుగుతానేమిటన్నట్టు నా ముఖంలోకి చూసి, వేలితో ఆకాశం చూపించింది. "ఊపర్ లే ఆయిస్." పైనుంచి వచ్చింది. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళి మళ్ళీ గడ్డి కోసుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత నేను ఊరుకోలేదు. ఎవరికో దొరికి, దాచి, ఆ రోజు ఎగరేశారా? మేం వస్తామని మాకే ముందురోజు దాకా తెలియదు. అది పైకి లేవాలంటే ఎవరో పరిగెత్తాలి. ఆ మైదానంలో కుక్క పరిగెత్తినా కనిపిస్తుంది. సావిత్రి అలాంటిదే ఇంకొకటి చేసిందా? చేస్తే నా టేపు దాని మీదికెలా వచ్చింది? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అన్నయ్యా నేనూ మూలమూలా చూశాం, జత ఏమీ దొరకలేదు. ఆ అగరుబత్తి ఉపాయం బడి పిల్లలకు ఆమె ఎన్నడూ చెప్పలేదు, నిప్పుతో పని కదా అని.

మా చర్చికి ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన వస్తాడు. విమానాల సంగతి తెలిసినవాడు. పొద్దుగూకితే ఆ వేడిగాలి చల్లారిపోతుందండీ, ఎంత తేలికైనదైనా ఆ రాత్రికే దిగి తీరాలి అని నవ్వాడు. నేను వస్తువు తెచ్చి చూపించాను. తోక, రబ్బరు, టేపు అన్నీ చూశాడు. నవ్వు ఆపేశాడు. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు సిస్టర్" అన్నాడు. ఎవరు అని అడిగాను. ఆయన అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పాస్టరు గారికి నేను చెప్పలేదు. మా ఆయనకు చెప్పాను. మొత్తం విని, "నువ్వు అబద్ధం చెప్పవు, అదే నా భయం" అన్నాడు.

అన్నయ్య బొమ్మల్ని నాకు ఇవ్వలేదు. అన్నీ పండరీ ఇంటికే తీసుకెళ్ళాడు. నారింజ గ్లైడర్‌ని దారంతో ముందుగదిలో కప్పుకి వేలాడదీశాడు. ఫ్యాను మాత్రం వెయ్యడు, ఉక్కపోసినా సరే. ఈ మధ్య వెళ్ళినప్పుడు కాస్త ఒళ్ళు చేశాడు. కుర్చీలో కూర్చుని తింటున్నాడు. పక్కింటివాళ్ళతో కబుర్లు చెబుతున్నాడని కూడా విన్నాను.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు జరిగింది ఒక్కటి చెప్పి ఆపేస్తాను. నేను స్కూటీ నడుపుతున్నాను. అన్నయ్య వెనక కూర్చుని దాన్ని గుండెకు ఆనించి పట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు, ఎదురుగాలి.

"మెల్లగా పోనీ తల్లీ, ఇది లేస్తంది" అన్నాడు. తగ్గించాను. అప్పుడు వినిపించింది, వెనకనుంచి సన్నగా ఏడుపు. సావిత్రి పోయాక అదే మొదటిసారి ఆయన ఏడవడం. నేను తిరిగి చూడలేదు. అద్దంలో నారింజ రెక్క ఒకటి మాత్రం కనిపిస్తోంది, గాలికి అదురుతూ.

ఊళ్ళోకి వచ్చేముందు ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుని అడిగాడు. "సిస్టర్, ఇది ఎంతసేపు ఎగిరినట్టు?"

ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. పదినెలలు అందామా, మనసు ఒప్పుకోలేదు. ఒక అగరుబత్తి ముక్క కాలినంతసేపు అందామా, అదీ ఒప్పుకోలేదు. "తెలీదన్నయ్యా" అన్నాను.

ఇప్పటికీ తెలీదు. నేను పండరీ వెళ్ళినప్పుడల్లా ఆయన టీ గ్లాసు నా చేతికిచ్చి, కప్పు వైపు ఒకసారి చూసి, మళ్ళీ అదే అడుగుతాడు.